మ్యూజియంలో ఒక చోటు కోసమే శిల్పం చేయడం ఎలా: ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు మొదటి అడుగు నుంచి తొలగింపు దాకా

సాలార్‌జంగ్ మ్యూజియంలో జంట శిల్పం చూసే ఉంటారు. ఒకే కలప బొమ్మ. ముందు నుంచి చూస్తే బూట్లు తొడిగి దర్జాగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, గోథే ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం. వెనకున్న అద్దంలోకి చూస్తే తల దించుకుని, చేతిలో ప్రార్థన పుస్తకం పట్టుకున్న మార్గరెట్టా, అదే నాటకంలోని అమాయకపు అమ్మాయి. ఆ అద్దం లేకపోతే మనలో చాలామంది వెనక ఇంకో మనిషి ఉందని తెలియకుండానే పక్క గదిలోకి వెళ్లిపోయేవాళ్లం. శిల్పం ఎంత గొప్పదైనా అది నిలబడ్డ చోటు, దాని వెనక ఉన్నది, మనం నడిచొచ్చే దారి కలిస్తేనే అది పూర్తవుతుంది. ఈ సంగతి నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి పాఠం లేదని నా నమ్మకం.

సైట్ స్పెసిఫిక్ శిల్పం, అంటే ఒక చోటు కోసమే చేసే శిల్పం, ఈ సంగతిని చివర్లో కాకుండా మొదట్లోనే పట్టుకుంటుంది. మీ పని అలాంటిదేనా కాదా అని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: దీన్ని ఇక్కణ్నుంచి తీసి రవీంద్రభారతి లాబీలో పెడితే ఏం పోతుంది? ఏమీ పోదు అనిపిస్తే అది మంచి శిల్పమే కావచ్చు, ఆ చోటు కోసం చేసింది మాత్రం కాదు. స్టూడియోలో చేసేసి తర్వాత దానికో మ్యూజియం వెతకడం మన కాలేజీల్లో ఇప్పటికీ మామూలే. ఆ అలవాటు మార్చాలనే ఇదంతా రాస్తున్నాను. ఆరేడుగురి బృందం, ఒక సెమిస్టర్ సమయం, కొద్దిపాటి బడ్జెట్ ఉన్నాయనుకుని చదవండి.

1. ముందు చోటు, తర్వాతే ఆలోచన

మన ఊళ్లో మ్యూజియంలన్నీ ఒకలా ఉండవు. సాలార్‌జంగ్ మూసీ ఒడ్డున, 1968 నుంచి ఇప్పుడున్న కట్టడంలో ఉంది. పార్లమెంటు చట్టం కింద జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ. జనం ఎక్కువ, నిబంధనలూ ఎక్కువ. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం 1920 నాటి భవనం. లోపల కాంస్య విగ్రహాలు, ఈజిప్టు మమ్మీ, చుట్టూ తోట. తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి ప్రాంగణానికి అది పొరుగిల్లే. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం 2000లో మొదలైంది. ఒక ట్రస్టు నడుపుతోంది. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు అక్కడే ఉన్నాయి.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా: మెయిన్ గ్యాలరీ అడగకండి. మెట్ల కింద ఖాళీ, వరండా మలుపు, రెండు గదుల మధ్య నడవా, లోపలి ప్రాంగణం లాంటివి అడగండి. వస్తువులకు దూరంగా ఉంటాయి కాబట్టి అనుమతి తేలిగ్గా వస్తుంది. పైగా ఎవరూ పట్టించుకోని మూలలోనే శిల్పానికి పని ఎక్కువ.

ఇక్కణ్నుంచి ఒకే ఉదాహరణ వెంట పెట్టుకుందాం. అది మూల చోటు కాదు, అనుమతి కష్టమే కావచ్చు, కానీ పద్ధతి అర్థం కావడానికి పురానీ హవేలీ బీరువాల హాలు తీసుకోండి. పొడవాటి హాలు, రెండు అంతస్తులుగా పేర్చిన బర్మా టేకు అరలు, పై అరలకు చేరడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదని జనం చెప్పుకుంటారు. అలాంటి హాలు దగ్గర ఒక విద్యార్థి బృందం ఏం చేయగలదు?

2. గదిని చదవడం

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మొదటి రెండు మూడు సార్లు స్కెచ్‌బుక్ తెరవకండి. ఊరికే కూర్చోండి. పొద్దున గేటు తీయగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మూసే ముందు ఒకసారి వెళ్లండి. ఆదివారం జనం వేరు, మంగళవారం జనం వేరు. శుక్రవారం సాలార్‌జంగ్ సెలవు, వెళ్లి గేటు దగ్గర నిలబడాల్సి వస్తుంది. ఏ మ్యూజియమైనా సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి.

చూడాల్సింది మనుషుల్ని. ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ఆగకుండా నడిచిపోతున్నారు, పిల్లలు ఎక్కడ పరుగెడుతున్నారు, సెల్ఫీ కోసం ఎటు వీపు తిప్పుతున్నారు? సాలార్‌జంగ్ మ్యూజికల్ గడియారం దగ్గర గంట కొట్టే వేళకు జనం పోగవుతారు. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోగానే చెల్లాచెదురవుతారు. అంటే ఆ చోటుకు పొడవు వెడల్పులతో పాటు ఒక టైమింగ్ కూడా ఉంది. అక్కడ శిల్పం పెట్టేవాళ్లు జనం ఎదురుచూసే ఆ కొద్ది నిమిషాల్ని లెక్కలోకి తీసుకోకపోతే సగం సైట్‌ను వదిలేసినట్టే.

గది గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది అక్కడ రోజంతా కూర్చునే వాచర్‌కి. ఆయన్ని ‘అన్నా’ అనో ‘సార్’ అనో పలకరించి, ఛాయ్ తాగుతూ అడగండి. వానాకాలంలో నీళ్లు ఎటు నుంచి కారతాయి, ఏ స్విచ్ పనిచేయదు, ఏ గాజు మీద జనం చేతులు ఆనిస్తారు, స్కూలు పిల్లల బస్సులు ఎప్పుడొస్తాయి? ఏ ప్లాన్ డ్రాయింగులోనూ ఇవి ఉండవు. మీ పనిని రేపు కాపాడేది కూడా ఆయనే.

తర్వాత టేపు తీయండి. పొడవు, వెడల్పు, ఎత్తు మాత్రమే రాసుకుంటే చాలదు. తలుపుల వెడల్పు, మెట్ల మలుపు, స్కిర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) ఎత్తు, నేల వాలు, ప్లగ్ పాయింట్లు, సీసీ కెమెరాలు చూసే కోణం, మంటలార్పే సిలిండర్లు, అత్యవసర ద్వారం అన్నీ ఒకే కాగితం మీద గీయండి. శిల్పం పెట్టాక కూడా వీల్‌చైర్ పోవడానికి కనీసం 90 సెంటీమీటర్లు, తిరగడానికి ఒకటిన్నర మీటరు మిగలాలి. ఎండ ఏ నెలలో ఏ కిటికీ నుంచి ఎంత దూరం వస్తుందో గుర్తుపెట్టండి. ఫిబ్రవరిలో కొలిచిన వెలుతురు మే నెలలో అలాగే ఉండదు.

3. ఆలోచన పుట్టే దగ్గర

గదిని సరిగ్గా చదివితే ఆలోచన కోసం తడుముకోవాల్సిన పని ఉండదు. అయినా రెండు తేలిక దారులు మనల్ని లాగుతుంటాయి. ఒకటి, మ్యూజియంలో ఉన్న వస్తువునే పెద్దదిగా చేసి పెట్టడం. రెండోది, చరిత్రకు బొమ్మ గీయడం: మూసీ వరద అనగానే నేల మీద నీలం గుడ్డ పరచడం. 1908 సెప్టెంబర్ వరద వేలమందిని మింగేసింది. ఆ దుఃఖం నీలం గుడ్డతో పలకదు. ఆ కట్టడంలో, ఆ గోడల మధ్య మాత్రమే అనగలిగే మాట ఏదో ఒకటి ఉంటుంది. అది దొరికేదాకా ఆగండి.

1992లో ఫ్రెడ్ విల్సన్ అనే అమెరికన్ కళాకారుడు బాల్టిమోర్‌లోని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ మ్యూజియంలో చేసిన పని ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. అక్కడి సేకరణలోనే ఉన్న నగిషీ వెండి పాత్రల పక్కన, అదే సేకరణలో మూలన పడున్న బానిస సంకెళ్లను పెట్టాడు. రెంటికీ కలిపి ‘లోహపు పనితనం’ అని ఒకే లేబుల్. కొత్తగా చెక్కిందేమీ లేదు. పక్కపక్కన పెట్టడంతోనే ఆ గది ఇన్నాళ్లూ ఏం దాచిందో బయటపడింది. మన దేశంలో 1998లో వివాన్ సుందరం కోల్‌కతా విక్టోరియా మెమోరియల్ దర్బారు హాల్లో బెంగాల్ చరిత్ర మీద భారీ ఇన్‌స్టలేషన్, అంటే హాలంతా పరుచుకున్న కళాకృతి, చేశాడు. వలస పాలకుల కోసం కట్టిన హాలే ఆ పనికి సగం అర్థం ఇచ్చింది.

ఇప్పుడు బీరువాల హాలుకు రండి. ఆ అరలు చూస్తుంటే అందరికీ నిజామే గుర్తొస్తాడు. ఆ బట్టలు కుట్టిన దర్జీలు, ఉతికిన చాకలివాళ్లు, ఇస్త్రీ చేసి మడతపెట్టిన చేతులు ఎవరికీ గుర్తురావు. అక్కడ మాటే లేదు కాబట్టి అక్కడే మాట ఉంది. హవేలీ చుట్టుపక్కల గల్లీల్లో ఈ రోజు దర్జీ పని, ఇస్త్రీ పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల సొంత బట్ట ఒక్కొక్కటి అడగాలి. వాళ్ల చేతులతోనే మడత పెట్టించాలి. ఆ మడతను ప్లాస్టర్‌లో పోత పోయాలి. అలాంటి నలభై మడతల్ని, బీరువా అర ఎంత లోతో అంతే లోతున్న ఒక స్టాండ్ మీద, బీరువాలకు ఎదురుగా పేర్చాలి. రవీంద్రభారతి లాబీలో పెడితే అవి ఉత్త తెల్ల మడతలు. ఇక్కడ మాత్రం ఎదురుగా ఉన్న అరలు వాటికి బదులు చెబుతాయి.

ఈ దశలో ఆ చోటును రోజూ వాడేవాళ్ల మాట తప్పనిసరిగా వినండి. రిచర్డ్ సెర్రా 1981లో న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉక్కు గోడ నిలబెట్టాడు. అది దారికి అడ్డంగా ఉందని అక్కడి ఆఫీసుల ఉద్యోగులు గొడవ చేశారు. ఏళ్ల తరబడి వివాదం నడిచి 1989లో దాన్ని తొలగించారు. సెర్రా వైపు న్యాయం ఉందో లేదో ఈ రోజుకీ వాదించుకోవచ్చు. కానీ రోజూ ఆ దారిన నడిచేవాళ్లను ముందే కలుపుకుని ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో.

4. అనుమతి కాగితాలు

కనీసం మూణ్నెల్ల ముందు మొదలుపెట్టండి. సాలార్‌జంగ్ అయితే డైరెక్టర్‌కు, స్టేట్ మ్యూజియం అయితే రాష్ట్ర హెరిటేజ్ శాఖకు, నిజాం మ్యూజియం అయితే ట్రస్టుకు రాయాలి. లేఖ మీ పేరు మీద కాకుండా కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపల్ సంతకంతో వెళ్లాలి.

లేఖ ఒక పేజీ దాటకూడదు. దానికి జతగా స్థలం ప్లాన్, కొలతలతో డ్రాయింగ్, గదిలో శిల్పం ఎలా కనిపిస్తుందో చూపే ఫొటో, వాడే ప్రతి మెటీరియల్ జాబితా, మొత్తం బరువు, బిగించే పద్ధతి, తీసేసే తేదీ, ఏదైనా దెబ్బతింటే బాధ్యత ఎవరిదో ఉండాలి. విద్యార్థులు భావం గురించి మూడు పేజీలు రాసి, బరువు గురించి ఒక్క ముక్క రాయరు. అధికారి టెన్షన్ అంతా బరువు, మంట, పురుగు, దొంగతనం గురించే. ఆ నాలుగింటికీ ముందే జవాబిచ్చిన ఫైలు ముందుకు కదులుతుంది.

ఫోన్లో అడిగి వదిలేయకుండా, మ్యూజియం వస్తువుల బాధ్యత చూసే క్యూరేటర్‌ను స్వయంగా కలవండి. చేతిలో చిన్న నమూనా ఉంటే మాట సులువవుతుంది. వాళ్లు పెట్టే మార్పులు వింటుంటే మొదట చిరాకేస్తుంది. నిజానికి వందేళ్ల వస్తువుల్ని కాపాడేవాళ్లకు తెలిసిన జాగ్రత్తలు మనకు తెలియవు. నోటిమాటగా ఒప్పుకున్న ప్రతిదీ కాగితం మీదికి తెచ్చుకోండి. అధికారులు బదిలీ అవుతుంటారు.

5. ఏది లోపలికి రాకూడదు

స్టేట్ మ్యూజియంలో మమ్మీని ఆక్సిజన్ లేని పెట్టెలో ఉంచారు. మ్యూజియంలో గాలి కూడా కాపాడాల్సిన వస్తువేనని అర్థం చేసుకోవడానికి అది చాలు. మీరు తెచ్చే ప్రతి మెటీరియల్ ఆ గాలిలోకి ఏదో ఒకటి వదులుతుంది.

ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పలక), మామూలు ప్లైవుడ్ వదిలే ఆవిరి సీసం లాంటి లోహాల్ని మెల్లగా తినేస్తుంది. రబ్బరులో గంధకం ఉంటుంది, అది వెండిని నల్లబరుస్తుంది. వెండి పేటికలతో నిండిన నిజాం మ్యూజియంలో శిల్పం కింద రబ్బరు మ్యాట్ వేద్దాం అనే ఆలోచన అస్సలు వద్దు. పాలిథిన్ ఫోమ్ షీటు వాడండి. ఫైబర్ పోతలో వాడే పాలియెస్టర్ రెజిన్ వాసన రోజుల తరబడి పోదు. కొత్తగా వేసిన ఎనామిల్ పెయింటూ అంతే. ఇలాంటివి తప్పనిసరైతే కాలేజీ ఆవరణలో కొన్ని వారాలు గాలికి వదిలేసి తర్వాతే తీసుకెళ్లాలి.

పచ్చి వెదురుకు పుచ్చు పడుతుంది. పుచ్చిన బొంగు కింద పసుపుపచ్చ పొడి రాలుతుంది. దాన్ని చూసిన క్యూరేటర్ మీ పనిని ఆ క్షణమే బయట పెట్టిస్తారు, పెట్టించాలి కూడా. పక్కనే టేకు బీరువాలున్నాయి. బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, కొన్ని వారాలు గమనించిన వెదురైతే ఆలోచించవచ్చు. ధూల్‌పేట విగ్రహాల్లో వాడే గడ్డి, ఊక కలిపిన పచ్చిమట్టికీ ఇదే ఇబ్బంది. కాల్చిన మట్టికి ఏ భయమూ లేదు. పూలు, ధాన్యం, పసుపు, కుంకుమ, నీళ్లు, దీపం, అగరుబత్తి వద్దు. ప్రారంభోత్సవానికి జ్యోతి వెలిగించాల్సిందే అంటే బయట ఆవరణలో వెలిగించండి.

ప్లాస్టర్ సంగతి విడిగా చెప్పాలి. కలిపిన అరగంటలో గట్టిపడుతుంది కాబట్టి ఆరిపోయిందని భ్రమపడతాం. లోపల నీళ్లు అలాగే ఉంటాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నంతకాలం తడి ఉన్నట్టే. ఏప్రిల్, మే నెలల్లో త్వరగా ఆరుతుంది, జూలై వానల్లో వారాలు పడుతుంది. ఆరకముందే నలభై మడతలు లోపల పేరిస్తే ఆ తేమంతా ఎదుటి టేకు పీల్చుకుంటుంది. వాటిని రోజూ తూకం వేస్తూ పోండి. వరసగా కొన్ని రోజులు బరువు తగ్గకపోతే ఆరినట్టు. ఆ తర్వాత పొడి రాలకుండా పైన పల్చటి సీలర్ పూత.

వెలుతురులోనూ జాగ్రత్త కావాలి. పాత బట్టలు, కాగితం మీద 50 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) మించకూడదన్నది మ్యూజియంలు పాటించే ప్రమాణం. మీ స్పాట్‌లైట్ మీ శిల్పం మీదే పడాలి, పక్క వస్తువు మీదికి పారకూడదు.

6. బరువు లెక్క

గ్రానైట్ ఘనపుటడుగు సుమారు 75 కిలోలు. 16 గేజ్ (సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం) ఇనుప రేకు చదరపు అడుగుకు 1.2 కిలోలు. మన మడత ఒక్కొక్కటి అడుగు పొడవు, 9 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం అనుకోండి. నిండుగా పోస్తే ఆరాక సుమారు 4 కిలోలు. నలభైకి 160 కిలోలు, స్టాండ్ ఇంకో 40. మొత్తం 200.

నలుగురు మనుషుల బరువుకు కాస్త తక్కువే కదా అనిపిస్తుంది. సమస్య మొత్తంలో లేదు, కాలి కింద ఉంది. నాలుగు కాళ్ల స్టాండ్ అయితే ఒక్కో కాలి మీద 50 కిలోలు. ఆ కాలు చదరపు అంగుళం గొట్టమైతే పాత నేల మీద గుంట పడుతుంది, పలక పగులుతుంది. ప్రతి కాలి కింద 6 అంగుళాల చదరపు ఇనుప పలక వెల్డ్ చేయిస్తే అదే బరువు 36 చదరపు అంగుళాల మీదికి సర్దుకుంటుంది. మడతల్ని లోపల డొల్లగా పోస్తే బరువు ఇంకా తగ్గుతుంది. పై అంతస్తులో పెడుతుంటే మాత్రం ఈ లెక్కతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం తీసుకోండి.

గోడకు మేకు వద్దు, నేలకు బోల్టు వద్దు, డబుల్ టేపు కూడా వద్దు. పాత సున్నపు గోడ మీద టేపు పీకితే పెచ్చు ఊడి వస్తుంది. శిల్పం తన కాళ్ల మీద తాను నిలబడాలి. పిల్లాడు వచ్చి గుద్దుకున్నా పడకూడదు. అందుకే బరువు కిందే ఉంచండి. స్టాండ్ అడుగు అరలో ఇసుక సంచులు పెట్టి మూసేయడం చవకైన దారి.

7. అట్టతో అసలు సైజు

చిన్న నమూనా చేతిలో పెట్టుకుని చూస్తే అన్నీ బాగుంటాయి. గదిలో సైజు మోసం చేస్తుంది. బేగంబజార్‌లో పాత అట్టపెట్టెలు దొరుకుతాయి. వాటితో అసలు సైజు స్టాండ్ కట్టి, అనుమతి తీసుకుని, సెలవు రోజున ఒక్క గంట ఆ చోట పెట్టి చూడండి. ఆరడుగులనుకున్నది ఐదుకు దిగుతుంది, గోడకు ఆనించాలనుకున్నది రెండడుగులు ముందుకొస్తుంది. బీరువాల ఉదాహరణలో తేలాల్సింది ఒక్కటే: మడతల ఎత్తు కంటికి సమంగా ఉండాలా, నడుము దగ్గర ఉండాలా? కంటి ఎత్తులో ఉంటే ప్రదర్శన అవుతుంది. నడుము ఎత్తులో ఉంటే ఇస్త్రీ బల్ల ఎత్తు. నేనైతే నడుము దగ్గరే పెడతాను.

8. ముక్కలుగా చేయడం, బిగించడం

లోపల వెల్డింగ్, కటింగ్, గ్రైండింగ్ ఏదీ కుదరదు. కాబట్టి మొత్తం బోల్టులతో బిగించే ముక్కలుగా రాణిగంజ్‌లోనో కాలేజీ వర్క్‌షాపులోనో తయారవ్వాలి. ఏ ముక్కైనా ఇద్దరు మోయగలగాలి, మీరు కొలిచిన అతి ఇరుకు తలుపులోంచి పోవాలి. ప్రతి ముక్కకూ నంబరు వేసి, కాలేజీలో ఒకసారి పూర్తిగా బిగించి, విప్పి, మళ్లీ బిగించి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మ్యూజియంలో దానికి రెట్టింపు పడుతుంది.

బిగించే పనికి సెలవు రోజు అడగండి. గేట్ పాస్‌లో పనిముట్లతో సహా ప్రతి వస్తువూ రాయించండి, లేకపోతే బయటికి తెచ్చుకునేటప్పుడు మీ డ్రిల్లింగ్ మెషిన్ మీదేనని నిరూపించుకోవాల్సి వస్తుంది. పని మొదలుపెట్టే ముందు నేల, గోడ, చుట్టుపక్కల వస్తువులను తేదీ కనిపించేలా ఫొటోలు తీసి క్యూరేటర్ చేత సంతకం పెట్టించండి. అంతకుముందే ఉన్న గీత మీ మీదికి రాకుండా అదే కాపాడుతుంది.

9. లేబుల్

తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింట్లో ఉండాలి. పాతబస్తీలో పెట్టే పనికి ఉర్దూ లేకపోవడం మర్యాద కాదు. 60 మాటలు దాటనివ్వకండి. అర్థం విప్పి చెప్పకండి. ఏం చూస్తున్నామో, ఎవరి చేతులు పనిచేశాయో చెప్పండి. బట్టలిచ్చినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు మీ పేర్ల కంటే ముందు, అంతే సైజు అక్షరాల్లో రావాలి. ప్రారంభం రోజు ముందు వరస కుర్చీలు కూడా వాళ్లవే. వాచర్లకు పది నిమిషాలు కేటాయించి పని గురించి చెప్పండి. సందర్శకుడు అడిగేది వాళ్లనే.

10. తీసేయడం

తొలగింపు తేదీని అనుమతి లేఖలోనే రాసిన మాట మర్చిపోకండి. పరీక్షలైపోయి అందరూ ఊళ్లకు వెళ్లిపోయాక ఇద్దరు మిగిలి అంత బరువు దించడం చాలా బృందాలకు ఎదురయ్యేదే. లారీ ఖర్చు, రోజు కూలి, నేల తుడిచే ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే పక్కన పెట్టండి. మొత్తంలో ఐదో వంతు అనుకుంటే సరిపోతుంది.

విప్పే ముందే ఫొటోలు పూర్తవ్వాలి: దూరం నుంచి గది మొత్తం, దగ్గర నుంచి ఒక్క మడత, జనం నడుస్తుండగా వీడియో. ఆ చోట తప్ప ఇంకెక్కడా ఉండలేని పని కాబట్టి రేపటికి మిగిలేది ఈ రికార్డే. విప్పాక పాత ఫొటోలు పక్కన పెట్టుకుని క్యూరేటర్‌తో కలిసి నేల, గోడలు చూసి, ఏ దెబ్బా తగల్లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

ప్లాస్టర్ మడతలు కాలేజీ గోడౌన్లో పడి ముక్కలవ్వకూడదు. ఎవరి బట్ట నుంచి వచ్చిన మడత వాళ్లకే, ఉతికి ఇస్త్రీ చేయించిన బట్టతో పాటు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. స్టాండ్ బోల్టులతో సహా వర్క్‌షాపుకు చేర్చండి. కొలతల కాగితం, అనుమతి లేఖల కాపీలు, లెక్కలు, వాచర్ చెప్పిన సంగతులు ఒకే ఫైల్లో పెట్టి డిపార్ట్‌మెంట్‌లో వచ్చే ఏడాది బ్యాచ్‌కి అప్పగించండి.